స్టోరు వద్దన్న యాప్‌కి సంతకం

ఉద్యోగంలో చేరినప్పుడు పని నేర్పిస్తారు, సెలవుల సంగతి చెబుతారు, పై అధికారి దగ్గర ఎలా మసులుకోవాలో కూడా ఎవరో ఒకరు చెవిలో వేస్తారు. పక్క కుర్చీలోని మనిషిని చూసి కడుపు మండితే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. నేను రిటైరయ్యాను కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను, నాకు చాలా మండింది. ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. ఇది చదివి మీరేదైనా నేర్చుకుంటే సంతోషం, నేర్చుకోకపోయినా నష్టం లేదు, ఎందుకంటే మీ పక్క కుర్చీలోనూ ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

మాది కాకినాడ. మావారు సైన్యంలో ఉండేవారు కాబట్టి పెళ్ళయ్యాక ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్లలో కాపురం పెట్టాం, ఆయన రిటైరయ్యాక ద్వారకలో ఫ్లాట్ తీసుకున్నాం. పిల్లలు పెద్ద తరగతులకు వచ్చాక నేను కంప్యూటర్ నేర్చుకుని, దక్షిణ ఢిల్లీలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరాను. చివరిదాకా అక్కడే పనిచేశాను. చూపులేని విద్యార్థుల కోసం మా సంస్థ ఒక యాప్ తయారుచేసింది. పుస్తకం పేజీని ఫోటో తీస్తే చదివి వినిపిస్తుంది. ఫోన్ తెరమీద ఏముంటే అది పలుకుతుంది. గొంతుతో నోట్సు రికార్డు చేసి అందులోనే దాచుకోవచ్చు. బేర్ సరాయ్ సందుల్లో, మునిర్కా గదుల్లో ఉండి పోటీ పరీక్షలకు చదివే చూపులేని పిల్లల్లో చాలామందికి పుస్తకాల సంచీ మొత్తం అదే.

ఆ యాప్‌ని పెద్ద స్టోరులో పెట్టడం, ఆ స్టోరువాళ్ళ ప్రశ్నలకు జవాబులివ్వడం, విద్యార్థులు ఫోన్ చేస్తే పలకడం నా పని. దానితోపాటు ఇంకొకటి కూడా నా దగ్గరే ఉండేది. అది మా యాప్ సంతకం. కాగితం మీద పెట్టే సంతకం కాదు. ప్రతి యాప్‌కీ దాన్ని చేసినవాళ్ళ డిజిటల్ సంతకం ఒకటి ఉంటుంది. ఫోన్‌లో ఉన్న యాప్ మీదికి కొత్త అప్‌డేట్ ఎక్కాలంటే రెండింటి సంతకమూ ఒకటే అయివుండాలి. కాకపోతే ఫోన్ ఒప్పుకోదు. పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టుకోవలసిందే, అప్పుడు పాతదానిలో దాచుకున్నదంతా దానితోపాటే పోతుంది. మా సంతకం ఒక పెన్‌డ్రైవ్‌లో, పెన్‌డ్రైవ్ ఆఫీసు బీరువాలో, బీరువా తాళం నా హ్యాండ్‌బ్యాగులో, దాని పాస్‌వర్డ్ నా బుర్రలో ఉండేవి. ఆ సంస్థలో నా కుర్చీకి ఎంత విలువుండేదో ఇంతకంటే చెప్పనక్కరలేదనుకుంటాను.

అలాంటి చోటికి వచ్చిందా అమ్మాయి. కరీంనగర్ పిల్ల. మునిర్కాలో గది తీసుకుని ఉండేది. చేరింది ప్రోగ్రాములు రాయడానికి. వచ్చిన కొత్తల్లో తెలుగు మనిషి దొరికిందని సంబరపడి, ఇంటినుంచి పులిహోర కూడా పట్టుకెళ్ళి పెట్టాను. నాలుగు నెలలు తిరిగేసరికి విద్యార్థుల ఫోన్లు నా బల్లమీద మోగడం తగ్గి ఆమె బల్లమీద మోగడం మొదలుపెట్టాయి. నన్ను వాళ్ళు ఆంటీ అనేవాళ్ళు. ఆమెను అక్క అనేవాళ్ళు. ఢిల్లీలో ఆంటీ అంటే కూరగాయల బండి దగ్గర పక్కన నిలబడిన మనిషి కూడా ఆంటీయే. అక్క అంటే మాత్రం ఇంట్లో మనిషి. ఆ తేడా నాకు రోజూ చెవిలో గుచ్చుకునేది.

ఆమెకు ఒక పట్టుదల ఉండేది. పెద్ద స్టోరు మీద ఆధారపడకూడదంటుంది. మా మీటింగులో ఒకసారి నాతోనే వాదన వేసుకుంది.

"మేడం, రేపు గా స్టోరోళ్ళు మన యాప్ ఒద్దన్నరనుకో, మనం ఏం జేస్తం? పిల్లలకు ఎట్ల ఇస్తం?"

"ఎందుకు వద్దంటారమ్మా? ఇన్నేళ్ళుగా అన్నారా? వాళ్ళు అడిగినవన్నీ నేను ఇస్తూనే ఉన్నాను కదా."

"మీరిస్తున్నరు, నేను కాదంటలేను. కని మన ఇంటికి మనం పోవాలంటె ఒకల్ల పర్మిషన్ ఎందుకు?"

డైరెక్టర్‌గారు ఢిల్లీ ఆవిడ. ఇద్దరి మాటా విని, "ఠీక్ హై, దోనోం రఖ్ లో" అనేసింది. రెండూ ఉంచుకోండి అని తీర్పన్నమాట. ఆ తీర్పుతో ఆమె ఒక పాత కంప్యూటర్ సంపాదించి, మా స్టోర్‌రూములో మంచినీళ్ళ ఫిల్టర్ పక్కన పెట్టి, దాన్నే ఒక చిన్న స్టోరుగా మార్చేసింది. దానికి ఆమె పెట్టిన పేరు దుకాణం. ఆ దుకాణం తాలూకు యాప్‌ని ఒక్కసారి ఫోన్‌లో పెట్టుకుంటే చాలు. మా యాప్ కావాలన్నా, ఎవరెవరో ఉచితంగా చేసి వదిలిన పుస్తకాల యాప్‌లూ నిఘంటువుల యాప్‌లూ కావాలన్నా అక్కడినుంచే దిగుతాయి. అప్‌డేట్లు కూడా అక్కడినుంచే వస్తాయి. ఖాతా అక్కరలేదు, ప్రకటనలు లేవు, మీరెవరు ఎక్కడున్నారు అని అడిగేవాళ్ళు లేరు.

నాకు ఆ పద్ధతి మీద నిజంగానే అభ్యంతరం ఉంది. పెళ్ళి శుభలేఖ అంటూ వాట్సాప్‌లో వచ్చిన ఫైలు నొక్కి ఖాతా ఖాళీ చేసుకున్నవాళ్ళను మీరూ ఎరుగుదురు. స్టోరు బయటినుంచి ఏదీ దించుకోవద్దని ఏళ్ళ తరబడి ప్రతి విద్యార్థికీ నూరిపోసినదాన్ని నేను. ఇప్పుడు మన ఆఫీసే బయటినుంచి దించుకోమంటే వాళ్ళు ఏది నమ్మాలి? ఈ ప్రశ్న మంచి ప్రశ్నే. కాకపోతే నేను దాన్ని అడిగిన గొంతులో ప్రశ్న కంటే కుళ్ళు ఎక్కువగా ఉండేదని మా డైరెక్టర్‌గారి చూపుని బట్టి నాకు అర్థమయ్యేది.

దుకాణం పిల్లలకు ఎంత నచ్చిందంటే, మా సంస్థతో సంబంధం లేనివాళ్ళు కూడా ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. పాత ఫోన్లకు పెద్ద స్టోరు ఇవ్వని యాప్‌లు అక్కడ దొరికేవి. ఆమె ఒక్కొక్కరి పక్కన కూర్చుని, ఫోన్ బెదిరిస్తూ పలికే హెచ్చరికలు ఏమిటో, వాటిలో ఏది వినాలో ఏది వదిలేయాలో ఓపికగా చెప్పేది. సంతకం సరిపోయిందో లేదో ఎలా చూసుకోవాలో కూడా చెప్పేది. నేను నా బల్ల దగ్గర కూర్చుని, చెవులు మాత్రం అటు పడేసి, కంప్యూటర్ వైపు తీక్షణంగా చూస్తూ ఉండేదాన్ని. చూడటానికి అందులో ఏమీ ఉండేది కాదు.

ఒకరోజు ఇంట్లో మావారు ఫోన్ పట్టుకుని మురిసిపోతున్నారు.

"చూశావా, ఈ పుస్తకాల యాప్‌లో ఒక్క ప్రకటన కూడా రావట్లేదోయ్!"

"ఎక్కడిదండీ అది?"

"మొన్న మీ ఆఫీసుకొచ్చినప్పుడు ఆ కరీంనగర్ అమ్మాయి పెట్టిచ్చింది. దుకాణమట. భలే చురుకైన పిల్ల."

ఆ పూట కూరలో ఉప్పు వేయడం మరిచిపోయాను. మరిచిపోయానా, మానేశానా అని ఆయన ఇప్పటికీ అడుగుతారు.

ఇంతలో ఆమె అన్నంతా అయింది. మా యాప్ తెరమీద ఉన్న అక్షరాలన్నీ చదువుతుంది కదా, దొంగ యాప్‌లు కూడా అదే పని చేస్తాయట, కాబట్టి ఆ అనుమతి వాడటం నిబంధనలకు విరుద్ధమని పెద్ద స్టోరు ఒక ఉదయం మా యాప్‌ని తీసేసింది. చూపులేనివాళ్ళకు తెర చదివి వినిపించకపోతే ఇంకేం చేయాలి? అదే రాశాను. జవాబు వచ్చింది. నేను రాసింది మనిషెవరూ చదవలేదని ఆ జవాబు చూస్తేనే తెలుస్తోంది. మళ్ళీ రాశాను. అదే జవాబు మళ్ళీ వచ్చింది. ఇన్నేళ్ళ నా మర్యాదకు, నా ఓపికకు వాళ్ళిచ్చిన విలువ అది. ఆఫీసులో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఆమె కూడా 'నేను చెప్పలేదా' అనలేదు. అనివుంటే నాకు కాస్త సుఖంగా ఉండేది.

ఆమె చేయవలసింది చేసింది. స్టోరు తప్పుపట్టిన భాగాన్ని సరిచేసి కొత్త అప్‌డేట్ తయారుచేసి, సంతకం కోసం నా దగ్గరికి వచ్చింది.

"మేడం, గీ ఫైల్‌కు సంతకం ఏసియ్యుండ్రి. దుకాణంల పెడ్త. అందరి ఫోన్లల్ల పాతదాని మీదనే ఎక్కుతది, నోట్సులు పోవు."

"అప్పీలు నడుస్తోంది కదమ్మా. ఇదే సంతకంతో బయట ఫైళ్ళు తిరుగుతున్నాయని తెలిస్తే ఉన్న అవకాశం కూడా పోతుంది. జవాబు రానీ."

ఇది పూర్తిగా అబద్ధం కాదు. డైరెక్టర్‌గారు కూడా "ఆప్ దేఖ్ లీజియే", మీరే చూసుకోండి అని నాకే వదిలేసింది. నేను చూశాను. రోజూ బీరువా వైపు చూసి, ఇంకా ఆ తాళం నా చేతిలోనే ఉందని తృప్తిపడేదాన్ని. ఆ ఆఫీసులో ఆమెకు అవసరమై, నా దగ్గర మాత్రమే ఉన్నది అదొక్కటే.

ఆమె కొన్నాళ్ళు చూసి వేరే దారి తీసింది. తన సొంత సంతకం వేసి, మా యాప్‌కే ఇంకో కాపీ తయారుచేసి దుకాణంలో పెట్టింది. సంతకం వేరు కాబట్టి అది పాతదాని మీద ఎక్కదు. పక్కన వేరే యాప్‌లా కూర్చుంటుంది. కొత్త ఫోన్లు కొన్నవాళ్ళకైనా పనికొస్తుందని ఆమె ఆలోచన. పాతది ఉన్నవాళ్ళు కూడా దించుకుంటారు, రెండూ ఒకేలా ఉంటే గందరగోళమని కొత్తదాని బొమ్మకు ఆకుపచ్చ రంగు వేసింది. పాతది నీలం. అప్పుడు నేనూ చూశాను, బాగానే ఉందనుకున్నాను. మా ఆఫీసులో ప్రతి యాప్‌నీ ముందుగా పరీక్షించే సహోద్యోగికి చూపు లేదు. ఆ వారం అతను సెలవులో ఉన్నాడు. అతనికి చూపించకుండానే తొందరపడి దుకాణంలో పెట్టేసింది. దాని ఫలితం ఏమిటో మాకెవరికీ తట్టలేదు.

ఇక ఆ రోజు సంగతి.

ఆఫీసుకు వచ్చి టీ కప్పు చేతిలోకి తీసుకున్నానో లేదో ఫోన్ మోగింది. అనంతపురం కుర్రాడు. బేర్ సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్ మెయిన్స్‌కి తయారవుతున్నాడు. తెలుగు సాహిత్యం ఐచ్ఛికంగా తీసుకున్నాడు. పుట్టుకతోనే చూపులేదు. పరీక్ష ఆ వచ్చే వారమే.

"ఆంటీ, పొద్దున్నుంచి ఫోన్ ఒగటే పలుకుతాంది. మన యాప్ హానికరం అంట, తీసేయమంటాంది."

"అయ్యో, తీయకు నాయనా! ఏమీ నొక్కకు."

"ఒగటి తీసేసినా ఆంటీ."

"ఒకటేంటి?"

"అక్క ఇచ్చింది ఒగటుంది గదా, మన పాతది ఒగటుంది గదా. రెండిటికీ ఒగే పేరు పలుకుతాంది. భయమేసి ఒగటి తీసేసినా. ఏది తీసేసినానో తెలీల్యా. ఉన్నది తెరిస్తే తెరుచుకోల్యా. నా నోట్సు అంతా పాతదాంట్లోనే ఉంది ఆంటీ. అక్కకు చేసినా, ఎత్తల్యా. అందుకే మీకు చేసినా."

అతని ఏడాది చదువంతా పాతదానిలో ఉంది. అది పోతే మళ్ళీ తెచ్చుకునే దారి లేదు. పరీక్ష నెత్తిమీద ఉంది. ఇంత ఆందోళనలోనూ, ముందు అక్కకు చేశాడన్న మాట నా చెవిని తప్పించుకోలేదు. ఆమె ఎత్తకపోతేనే నేను.

ఆమె ఆ రోజు జ్వరమని సెలవు పెట్టింది. నేను చెప్పులేసుకుంటుండగా తనే ఫోన్ చేసింది. మందేసుకుని పడుకుని, లేచి కుర్రాడి కాల్ చూసుకుని అతనితో మాట్లాడిందట. గొంతు బొంగురుపోయింది.

"మేడం, నేను లాప్‌టాప్ పట్టుకొని ఆడికే వస్తున్న. మీరు పెన్‌డ్రైవ్ పట్టుకరండ్రి."

పట్టుకరండి అట. ఒళ్ళు మండింది. అయినా బీరువా తెరిచాను.

ఆటో బేర్ సరాయ్ సందు మొదట్లోనే ఆగిపోయింది. "ఆగే నహీ జాయేగా, ఆంటీ" అన్నాడు డ్రైవర్. పుస్తకాల కొట్ల మధ్యనుంచి, మెస్‌ల ముందు పేర్చిన గ్యాస్ సిలిండర్ల పక్కనుంచి నడిచి, ఇరుకు మెట్లెక్కి అతని గదికి చేరాను. ఒక మంచం, ఒక కుర్చీ, గోడకు ఆనించిన కర్ర. ఫోన్‌ను ఒళ్ళో పెట్టుకుని, దానిమీద చేయి కూడా వేయకుండా కూర్చున్నాడు, తాకితే పోతుందేమో అన్నట్టు.

"ఇటివ్వు నాయనా."

తెర చూశాను. నీలం. తీసేసింది ఆకుపచ్చదాన్ని.

"పాతదే ఉంది" అన్నాను. అతను రెండు చేతులూ ముఖం మీద పెట్టుకున్నాడు. నేనూ మంచం అంచున కూలబడ్డాను. కానీ పాతది ఉన్నా ఉపయోగం లేదు, స్టోరు నిషేధించిన యాప్ అని ఫోన్ దాన్ని స్తంభింపజేసింది. నొక్కితే తెరుచుకోవడం లేదు. హానికరమనే హెచ్చరిక వస్తోంది, దాని కింద పెద్ద బొత్తాం తీసేయమని. దాన్ని ఇంకోసారి నొక్కివుంటే కథ ముగిసేది.

అప్పటికి ఆమె వచ్చింది. ముఖానికి మాస్కు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చంకలో లాప్‌టాప్.

"జ్వరం తగ్గిందా అక్కా?" అన్నాడు కుర్రాడు, తన కష్టం మరిచిపోయి. ఆమెకు జ్వరమని అతనికి తెలుసు. నా మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని ఈ ఏడాదిలో ఒక్కరైనా అడిగారా?

నేను ఊరుకోలేకపోయాను. "అమ్మాయ్, రెండిటికీ తేడా తెలియాలని ఆకుపచ్చ రంగు వేశావు కదా. ఎవరికి కనబడాలని వేశావు?"

ఆమె కుర్రాడి వైపు చూసింది, తెరవైపు చూసింది, తల చేత్తో పట్టుకుంది. "మేడం, పేరు మార్చాల్సుండె. రంగు మార్చిన. అరె... నేనెంత పిచ్చిదాన్ని" అంది. చూపులేనివాళ్ళకోసం పనిచేసే ఆఫీసులో ఇంతమంది చూపున్నవాళ్ళం, రంగు చూసి సరే అనుకున్నాం. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా ఎన్నాళ్ళకో ఆమె తప్పు ఒకటి నా చేతికి చిక్కింది. ఆ ఆనందం బాగానే ఉంది, కుర్రాడి ముఖం చూసేదాకా.

"ఇప్పుడేం జేయల్ల?" అన్నాడతను.

ఆమె నావైపు తిరిగింది. బతిమాలలేదు, దెప్పలేదు. "మేడం, సరిజేసిన అప్‌డేట్ నా తాన తయారున్నది. మీ సంతకం పడితె పాతదాని మీదనే ఎక్కుతది. ఎక్కితె తెరుచుకుంటది. సంతకం లేకపోతె తీసెయ్యుడు తప్ప దారి లేదు."

సంతకం వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఒక్క ఈ కుర్రాడి ఫోన్‌తో ఆగదు. అదే ఫైలు దుకాణంలోకి వెళుతుంది, అందరి ఫోన్లలోకీ అక్కడినుంచే వెళుతుంది, పెద్ద స్టోరుతో నా రాతకోతలన్నీ అక్కడితో సరి. ఆఫీసులో నాకు మిగిలిన ఒక్క తాళమూ ఆమె చేతికి వెళ్ళినట్టే. నిజం చెప్పాలంటే ఆలోచించాను. పరీక్ష నెత్తిమీదున్న పిల్లవాడి ముందు కూర్చుని కూడా ఆలోచించాను.

పెన్‌డ్రైవ్ తీసి ఆమె లాప్‌టాప్‌కి గుచ్చాను. "పాస్‌వర్డ్ నేనే కొడతాను. అటు తిరుగు."

ఆమె గోడవైపు తిరిగింది.

"నేను గూడ చూడ్నులే ఆంటీ" అన్నాడు కుర్రాడు.

ముగ్గురం నవ్వాం. నవ్వుతూ కొట్టేసరికి పాస్‌వర్డ్ తప్పు పడింది. మళ్ళీ కొట్టాను. ఈసారి సంతకం పడింది. ఆమె ఆ ఫైలును ఫోన్‌లోకి పంపింది. ఇది తెలియని చోటినుంచి వచ్చింది, ప్రమాదకరం కావచ్చు, ఎక్కించాలా అని ఫోన్ బెదిరింపుగా పలికింది. ఇన్నేళ్ళూ నేను పిల్లలకు చెప్పిన మాటలే అవి. ఎక్కించు అని నొక్కమని కుర్రాడికి చెప్పాను. అతని వేలు ఆగింది.

"మీరే గదా ఆంటీ వద్దంటారు?"

"ఇది నా సంతకమే నాయనా. నొక్కు."

నొక్కాడు. పాతదాని మీదికి కొత్తది ఎక్కింది. ఆమె గోడకు జారబడి కళ్ళు మూసుకుంది. తెరవమన్నాను. తెరుచుకుంది. లోపల నోట్సులన్నీ ఉన్న చోటే ఉన్నాయి. అక్కడే కూర్చుని అదే ఫైలును ఆమె దుకాణంలో పెట్టింది, మిగతా పిల్లల ఫోన్లకు కూడా అందేలా. నేను అడ్డు చెప్పలేదు.

"ఒగటి వినిపిస్తా ఆంటీ, సరిగ్గా ఉందో లేదో" అని కుర్రాడు ఒక నోట్సు నొక్కాడు.

అతని గొంతు వస్తుందనుకున్నాను. వచ్చింది ఆమె గొంతు. ఏదో పాత తెలుగు విమర్శ గ్రంథం చదువుతోంది. వెనక మునిర్కా సందులో బండి హారన్లు. ఒక పద్యం దగ్గర తడబడి, ఆగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదటినుంచి చదివింది. ఇంకో నోట్సు నొక్కాడు. అదీ ఆమే. ఇంకొకటి. అన్నీ ఆమే. ఏడాదిపాటు సాయంత్రాలు కూర్చుని మొత్తం పుస్తకాలు చదివి అతని ఫోన్‌లోనే రికార్డు చేసి ఇచ్చిందట. ఆఫీసులో ఒక్కరికీ చెప్పలేదు.

అంటే నా తాళం, నా పెన్‌డ్రైవ్, నా పాస్‌వర్డ్ అన్నీ ఖర్చుపెట్టి నేను కాపాడింది ఈమె గొంతునా? అంత మంట నాకు ఆ ఉద్యోగంలో ఎన్నడూ కలగలేదు.

"ఇవన్నీ అక్క చదివిందా? నన్ను ఒక్కమాట అడగకపోయావా నాయనా? నాకు మాత్రం తెలుగు రాదా?"

"ముందు మిమ్మల్నే అడిగినా ఆంటీ" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే. "పాత పుస్తకాలు, అచ్చు మసగ్గా ఉంటాది, యాప్ తప్పులు తప్పులుగా చదువుతాంది అని ఫోన్ జేసి చెప్పినా. నెక్స్ట్ వెర్షన్‌లో వస్తాది అన్న్యారు."

నాకు గుర్తులేదు. ఎంత వెతుక్కున్నా గుర్తురాలేదు. రోజుకు ఎంతమందికి ఆ మాట చెప్పేదాన్నో నాకే తెలియదు. ఇన్నాళ్ళూ నా దగ్గరికి రావలసినవాళ్ళు ఆమె దగ్గరికి వెళుతున్నారని కుళ్ళిపోయాను. ముందు నా దగ్గరికే వచ్చాడు.

ఆమె దగ్గుతూ సంచీలోంచి అట్ట ఊడిన పుస్తకం ఒకటి తీసింది. "మేడం, ఒక్క చాప్టర్ మిగిలింది. ఈ వారం సదువుదామనుకున్న. గొంతు పోయింది. మీరు సదువుతరా?"

పుస్తకం అందుకున్నాను. కళ్ళజోడు సర్దుకుని, కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, రికార్డు నొక్కమని చెప్పి మొదలుపెట్టాను. చిన్నప్పుడు బడిలో పద్యాలకు బహుమతులు తెచ్చుకున్నదాన్ని. ఎక్కడా తడబడలేదు. ఒక పేజీ గుక్కతిప్పుకోకుండా చదివి, ఎలా ఉందన్నట్టు తలెత్తాను.

కుర్రాడు ఆపాడు. చెవికి దగ్గరగా పెట్టుకుని కొంచెం విన్నాడు.

"బాగుంది ఆంటీ" అన్నాడు. "కొంచెం నిదానంగా, అక్క చదివినట్ల చదవండి."

కడుపు భగ్గుమంది. పేజీ వెనక్కి తిప్పి, మొదటి వాక్యం దగ్గర వేలుపెట్టుకుని, నిదానంగా చదివాను.